అడుగుల చప్పుడు ఎటునుంచి?

అంగలకుదురు రైల్వే స్టేషన్ దగ్గర పెరిగినవాళ్లని కళ్లు మూసుకోమని, రైలు ఎటునుంచి వస్తోందని అడిగితే ఠక్కున చెప్పేస్తారు, గుంటూరు వైపు నుంచో తెనాలి వైపు నుంచో. ఎవరో నేర్పిన విద్య కాదది. తలకి చెరో పక్కన ఉన్న రెండు చెవులు చాలు. అదే ఊళ్లో వేసవి సెలవుల్లో కంప్యూటర్‌లో వాలరెంటో, కౌంటర్ స్ట్రైకో, అలాంటి తుపాకీ ఆటో ఆడే కుర్రాడికి మాత్రం గోడ అవతల శత్రువు అడుగు ఎటు పడిందో తెలియాలంటే నాలుగు వేలు పెట్టి ‘7.1 సరౌండ్’ హెడ్‌సెట్ కొనాల్సిందేనని ఎవరో నూరిపోశారు.

అక్కర్లేదు. ఆ నాలుగు వేలూ వాళ్ల నాన్న కౌలు చేలో చెమటోడ్చి తెచ్చినవైతే అసలే అక్కర్లేదు.

కుడి పక్క పుట్టిన చప్పుడు ముందు కుడి చెవికి చేరుతుంది. తలని చుట్టుకుని ఎడమ చెవికి వెళ్లేసరికి మహా అయితే సెకనులో పదిహేను వందో వంతు ఆలస్యం. సన్నటి శబ్దాలకి తల అడ్డుపడుతుంది కాబట్టి అవతలి చెవికి వాటి జోరు కూడా తగ్గుతుంది. ఈ రెండు ఆనవాళ్లతో దిక్కు ఎలా పట్టుకుంటామో లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్త 1907లోనే వివరించాడు. ముందా వెనకా, పైనా కిందా అన్న సంగతి ఎక్కువగా చెవి డొప్ప మడతలు చూసుకుంటాయి. ఒక్కో దిక్కు నుంచి వచ్చిన శబ్దాన్ని అవి ఒక్కోలా మారుస్తాయి. ఈ లెక్కంతా కంప్యూటరే కట్టి రెండు చెవులకీ పంపే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. కౌంటర్ స్ట్రైక్‌లోకి అది 2016లో వచ్చింది, వాలరెంట్‌లోకి 2021లో. వాలరెంట్ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

మరి డబ్బా మీది 7.1 మాటేమిటి? అది హాల్లో చుట్టూ పెట్టే ఏడు స్పీకర్లు, ఒక బాస్ డబ్బా లెక్క. హెడ్‌సెట్‌లో చాలామటుకు చెవికొకటే స్పీకర్ ఉంటుంది, మిగిలినదంతా సాఫ్ట్‌వేర్ చేసే పని. ఆట ఒకసారి వండి పంపిన శబ్దాన్ని హెడ్‌సెట్ మళ్లీ వండుతుంది. ఉడికిన అన్నాన్ని తిరిగి ఎసట్లో పోస్తే మెతుకు మిగలదు, జావే మిగులుతుంది. ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ పెట్టుకున్నవాళ్లు విండోస్ సోనిక్, డాల్బీ లాంటి సరౌండ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఆపేయాలి. రెండు చెవులకీ రెండే దారులు చాలనడానికి ‘వర్చువల్ బార్బర్ షాప్’ అనే పాత రికార్డింగే సాక్ష్యం. మామూలు ఇయర్‌ఫోన్స్‌లో విన్నా కత్తెర చెవి వెనక ఆడుతున్నట్టే ఉండి మెడ జలదరిస్తుంది.

కొనాల్సింది చెవిలోపల బిగిసే వైరు ఇయర్‌ఫోన్స్. కేజడ్ కంపెనీ చిన్న మోడళ్లు వెయ్యికి అటూ ఇటూ, మూన్‌డ్రాప్ చూ అయితే రెండు వేల దగ్గర. పెద్ద డొప్పల హెడ్‌సెట్ మన మే నెల ఉక్కలో గంట పెట్టుకుంటే చెవులు చెమటలు కక్కుతాయి, రెండేళ్లకి పై తోలు పొరలుగా ఊడుతుంది. పెట్టెలో ఇచ్చే మూడు సైజుల రబ్బరు టిప్పులని చాలామంది ముట్టుకోరు, అసలు కీలకం అక్కడే ఉంది. ఒక టిప్పు వదులైతే ఆ పక్క బాస్ జారిపోయి శబ్దమంతా రెండో చెవి వైపు లాగుతుంది. రెండు చెవుల రంధ్రాలూ ఒకేలా ఉండాలని లేదు. కుడికి మీడియం, ఎడమకి పెద్దది సరిపోతే అలాగే పెట్టుకోవాలి.

బ్లూటూత్ వద్దు. శబ్దం ఆలస్యంగా చేరడం ఒక కారణం. అంతకన్నా పెద్ద చిక్కు మైకుది. కంప్యూటర్‌లో మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు ఆన్ చేయగానే ఫోన్‌కాల్ పద్ధతికి దిగిపోతుంది. అప్పుడు రెండు చెవులకీ ఒకే శబ్దం వెళ్తుంది. జట్టువాళ్లతో మాట్లాడుతూ ఆడేవాడికి దిక్కే పోయినట్టు. పాత డెస్క్‌టాప్ ముందు జాక్‌లో గుర్రుమనే మోత వస్తుంటే మూడు నాలుగు వందల యూఎస్‌బీ సౌండ్‌కార్డు చాలాసార్లు ఆ రోగం కుదురుస్తుంది.

ఇక వాల్యూమ్. అడుగుల చప్పుడు మెల్లగా ఉంటుందని పిల్లలు దాన్ని పెంచేస్తారు, ఆ వెంటనే తుపాకీ చెవిలో పేలుతుంది. పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు, పిల్లలకి 75 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. విండోస్‌లో కొన్ని సౌండ్‌కార్డులకి ‘లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్’ అనే మీట ఉంటుంది. అది చిన్న శబ్దాన్ని పెంచి పెద్దదాన్ని తగ్గిస్తుంది. దానితో దగ్గరి అడుగూ దూరపు అడుగూ ఒకేలా వినిపించే నష్టం ఉన్నా, పసి చెవులకి ఆ నష్టమే మేలు.

ఇంటికి ఏదీ ఆర్డర్ పెట్టకముందే ఒకటి చూడాలి. విండోస్ సెట్టింగుల్లో ‘మోనో ఆడియో’ అనే మీట ఉంటుంది. ఒక చెవి వినపడనివారి కోసం పెట్టిన మంచి సదుపాయం అది. ఎవరి చెయ్యో తగిలి అది ఆన్‌లో ఉండిపోతే ఎంత ఖరీదు హెడ్‌సెట్ పెట్టినా కుడీ ఎడమా తేడా తెలియదు. దాన్ని ఆపి, ఇంట్లో ఉన్న పాత ఫోన్ ఇయర్‌ఫోన్స్‌తోనే ఆటలోని శిక్షణ మైదానంలో కళ్లు మూసుకుని నాలుగు రోజులు ఆడి చూస్తే, కొత్తవి కావాలో వద్దో కుర్రాడికే తెలిసిపోతుంది.