వృద్ధాశ్రమాలలో రక్తం పలుచబరిచే మందులు: పరీక్ష తరువాతే అసలు పర్యవేక్షణ

గుండె లయ తప్పినవారికి, కృత్రిమ కవాటం అమర్చినవారికి వైద్యులు వార్ఫరిన్ లేదా ఎసినోకూమరాల్ మాత్రలు ఇస్తారు. వాడుకలో రక్తం పలుచబరిచే మందులని పేరున్నా, ఇవి నిజానికి రక్తం గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేస్తాయి. మోతాదు చాలకపోతే పక్షవాతం, మించితే మెదడులోనో పేగులలోనో రక్తస్రావం సంభవించవచ్చు. అందుకే ఐ.ఎన్.ఆర్. పరీక్ష. గుండె లయ తప్పినవారిలో ఇది సాధారణంగా 2, 3 మధ్య ఉండాలి.

వృద్ధాశ్రమాలలో చిక్కు పరీక్ష తరువాత మొదలవుతుంది. ఫలితం ఆసుపత్రి కాగితంపై ఉంటుంది. మాత్ర అందించేది ఆశ్రమ సహాయకురాలు. మారిన మోతాదు ఆమెకు అదే రోజు తెలియకపోతే పరీక్ష చేయించిన ప్రయోజనం దక్కదు. పంటి వైద్యుడు రాసిన మెట్రోనిడజోల్ ఐ.ఎన్.ఆర్.ను పెంచుతుంది. ఆకుకూరలు ఒక్కసారిగా ఎక్కువ తింటే తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొన్న మాత్ర రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతుంది. ఈ మూడింటిలో ఏదీ ఆసుపత్రి కాగితంపై కనిపించకపోవచ్చు.

కొత్త తరం మందులకు ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేదు గాని, మూత్రపిండాల పనితీరును గమనిస్తూ ఉండాలి. లోహ కవాటం ఉన్నవారికి అవి పనికిరావు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా నిరుపేద వృద్ధులకు వసతి కల్పించే ఆశ్రమాల స్థాపనకు వీలు కల్పించింది. ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక వరుస ఉండాలని కూడా పేర్కొన్నది. అయితే వరుస తగ్గినంత మాత్రాన మోతాదు పుస్తకం తయారు కాదు. తేదీ, ఐ.ఎన్.ఆర్., ఆ రోజు మాత్ర, కొత్తగా చేరిన మందు, ఇచ్చినవారి సంతకం ఒకేచోట నమోదయ్యే ఆ పుస్తకం ఎవరి బాధ్యతో ప్రతి ఆశ్రమం తేల్చుకోవలసి ఉన్నది.