మూడు దినాల లెక్క

గనిలో దెబ్బ తగిలినవాడు ఎన్ని గంటలు పనికి రాలేదో చూచి, దాన్నిబట్టి ఆ దెబ్బను ఏ పుస్తకంలో వ్రాయాలో నిర్ణయిస్తారన్న సంగతి మన ఆడవారికి చాలామందికి తెలియదు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడేనాటికి అమలులో ఉన్నది 1952 నాటి గనుల చట్టం. అందులో పద్ధతి యిది. ఎముక విరిగినా, కన్నో చెవో శాశ్వతంగా చెడినా అది తీవ్రమైన గాయం. అంత కాకపోయినా మనిషి 72 గంటలు, అంతకుమించి పనికి రాలేకపోతే దాన్నీ లెక్కలో చూపాలి. 24 గంటలు దాటినదైతే చిన్న ప్రమాదాల రిజిస్టరులో ఎక్కాలి. ఆ లోపల లేచి వచ్చినవాడి దెబ్బ ఎక్కడా ఉండదు.

చట్టం చెడ్డదనడంలేదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి గదా! కాని దినకూలి పోతుందని వేలికి గుడ్డ చుట్టుకొని మరునాడే దిగిన మనిషికి, ఆ గీత అవతల ఏముందో ఎవరు చెప్పారు?

రాతిపేలుడును మాత్రం ఎవరూ దాచలేరు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటిన లోతు. అంత బరువు క్రింద రాయి తనంతట తానే పగిలి విరజిమ్మేది. పైన ఇళ్ళు కూడా అదిరేవి. అటువంటి చావుకు రోజూ, గంటా, చోటూ ఉంటాయి గనుక కాగితం మీదికి వస్తుంది.

దుమ్ముకు ఆ మూడూ లేవు. బంగారం చెకుముకి జాతి తెల్లరాతిలో ఉంటుంది. దాన్ని తొలిచినప్పుడు లేచే పొడిలో కంటికి కనబడనంత సన్నని భాగం ఊపిరితిత్తులలో దిగబడి, అక్కడ మచ్చకట్టి, గట్టిపడుతుంది. నీళ్ళు పోస్తూ తొలిస్తే దుమ్ము తగ్గుతుంది, పూర్తిగా పోదు. దీన్నే సిలికోసిస్ అంటారు. 1940 నుంచి 1946 వరకు కోలారులో ఏడువేలమందికి పైగా పనివాండ్రను పరీక్షించినప్పుడు, నూటికి నలభైమందికి మించి దాని గుర్తులు కనబడ్డాయి. పని మానిన పది పదిహేనేళ్ళకు ఆయాసం మొదలైనవారూ ఉంటారు. అప్పటికి గని లేదు, మేస్త్రీ లేడు.

మరొక చిక్కు ఉన్నది. ఈ జబ్బు ఉన్నవారికి క్షయ త్వరగా పడుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. అందుచేత ఆసుపత్రి చీటీలో "క్షయ" అని ఒక్కమాట వ్రాసి ఊరుకొంటే, ఆ ఇంటి ఇల్లాలు తరువాత పరిహారం అడగడానికి ఆధారం పోయినట్లే. డాక్టరుగారు అడగకపోయినా, "మా ఆయన ఇన్నేళ్ళు లోపల రాయి తొలిచారండి" అని మనమే చెప్పాలి. సిగ్గుపడవలసిన మాట కాదిది. రాతి క్వారీలలో, రాళ్ళు పొడిచేసే మిల్లులలో నేడు పనిచేస్తున్న మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

పెట్టె అడుగున ఉన్న జీతం చీటీలు, టోకెన్ నెంబరు, ఏ గనిలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ పని చేశారన్న వివరం ఒక నోటుబుక్కులో వ్రాసి ఉంచండి. పెద్దవారు బ్రతికి ఉండగానే అడిగి వ్రాసుకొనండి. ఎక్స్‌రే ఫిలింలను చుట్టచుట్టి అటకమీద పడవేయవద్దు, అంటుకొని పాడవుతాయి. మధ్య కాగితం వేసి, రెండు అట్టల నడుమ పరచి, పేరూ తేదీ పైకి కనబడేటట్లు పెట్టండి.