కనుపాప చెప్పే సాక్ష్యం

అవధానమంటే ఏకాగ్రత. అష్టావధానంలో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది ఒకవైపు, అప్రస్తుత ప్రసంగి పరిహాసాలు మరొకవైపు మనస్సును లాగుతూంటే, అవధాని పద్యపాదాలన్నిటినీ ధారణలో నిలుపుకొని చివరకు అప్పజెబుతాడు. ఆ శ్రమ పైకి కనబడదని మన భావన. కనబడుతుంది, కనుపాపలో!

1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరికి అంకెల వరుసలు వినిపించి వారి కనుపాపలను కొలిచారు. ఒక్కొక్క అంకె మనసున చేరేకొద్దీ పాప విచ్చుకొన్నది; ఒక్కొక్కటే అప్పజెబుతూంటే క్రమంగా ముడుచుకొన్నది. ధారణ అనే మాటకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానమేముంటుంది?

అయితే, విచ్చుకొన్న పాప చెప్పేది మనసు మోస్తున్న బరువును గాని తెలివిని కాదు. వెలుతురు తగ్గినా, భయం కలిగినా అది విచ్చుకొంటుంది. బరువు మోయరానంతైతే ఆపై విచ్చుకోదు. కనుక రేపెవరైనా కెమెరాలు బిగించి పిల్లల కళ్ళకు మార్కులు వేస్తామంటే నేనొప్పుకోను.

ఈ పరిశోధన నేర్పే పాఠం వేరు. మా నూజెండ్ల వంటి ఊళ్ళ బడులలో పద్యం అప్పజెబుతూ మధ్యలో ఆగిన పిల్లవాణ్ణి మొద్దు అనడం పరిపాటి. ఆ క్షణాన వాడి మనసు ఖాళీగా ఉన్నదని ఎలా అనగలం? నిండిపోయి ఉండవచ్చు గదా! అంతటి అవధాని సైతం పద్యాన్ని విడతకొక పాదం చొప్పున నాలుగు విడతలలో పూరిస్తాడు. పసివాడికి ఆపాటి వెసులుబాటు ఇవ్వరాదా?