లక్ష ఇచ్చిన రాజు, హాస్టల్ పెట్టిన విద్యార్థిని

ఇందిరాపురం నుంచి ఢిల్లీలోని వెంకటేశ్వర కాలేజీకి వెళ్లాలంటే వైశాలిలో బ్లూలైన్ ఎక్కి ఆనంద్‌విహార్‌లో పింక్‌లైన్‌కు మారాలి. దిగే స్టేషన్ ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’. రైల్లో ఆ పేరు వినబడగానే ఇక్కడి తెలుగువాళ్లం కాస్త నిటారుగా కూర్చుంటాం. ఆమె ఎవరని పక్కసీటువాళ్లు అడిగితే మాత్రం జవాబు ‘స్వాతంత్ర్య సమరయోధురాలు’ దగ్గరే ఆగిపోతుంది.

విశ్వవిద్యాలయాలు దాతలనూ సేవకులనూ సత్కరించే తీరును అంచనా కట్టడానికి ఆమె కథ మంచి గీటురాయి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం సంస్థానం ఏటా లక్ష రూపాయలిచ్చింది. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. కృతజ్ఞతగా విశ్వవిద్యాలయం తన సైన్స్ కళాశాలకు ఆ సంస్థానం రాజు విక్రమదేవవర్మ పేరు పెట్టుకుంది. పెట్టడం న్యాయమే. ఆ డబ్బు లేకపోతే ప్రయోగశాలలు అంత తొందరగా లేచేవి కావు. వాడుకలో అది ‘సైన్స్ కాలేజీ’గా మిగిలిపోవడం వేరే సంగతి.

అదే విశ్వవిద్యాలయంలో చదవాలని 1930లలో దుర్గాబాయి వెళ్లారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, చేర్చుకోవడం కష్టమన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆమె బతిమాలుతూ కూర్చోలేదు. చదువుకోవాలనుకునే అమ్మాయిలు ముందుకు రావాలని పత్రికలో ప్రకటన వేయించి, వచ్చినవాళ్లను కూడగట్టి హాస్టల్ మొదలుపెట్టారు. రాజుగారి లక్షను రసీదు పుస్తకంలో రాసుకోవచ్చు. ఈ పనిని ఏ పద్దు కింద రాయాలి? పైగా దాన్ని సత్కరించాలంటే విశ్వవిద్యాలయం ముందు ఒక మాట ఒప్పుకోవాలి: అది తాను చేయాల్సిన పని, చేయలేదు.

సేవా సన్మానాలలోని అసలు ఇబ్బంది ఇదే. విరాళం సంస్థను గొప్పగా చూపిస్తుంది. సేవ చాలాసార్లు సంస్థ లోపాన్ని బయటపెడుతుంది. అందుకే శాలువా, జ్ఞాపిక చేతికిచ్చి, ఆ సేవ అవసరం ఎందుకొచ్చిందన్న ప్రశ్నను వేదిక కిందే వదిలేస్తారు. జాతీయ సేవా పథకం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ చేస్తే సర్టిఫికెట్. గంటలకు లెక్క ఉంది, ఆ గంటలు ఏ గోతిని పూడ్చాయో చెప్పే గడి లేదు.

ఢిల్లీలో దుర్గాబాయి చేసిన పనులూ హాస్టల్‌లాగే లోటు పూడ్చినవే. 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ. 1961లో, ఆమె చొరవతో, తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన వెంకటేశ్వర కాలేజీ. ఆ రెండోదాన్ని తలచుకుంటే నాకు సరదాగా ఉంటుంది. దేవస్థానం డబ్బంటే చాలావరకు హుండీ డబ్బే. ముడుపు కట్టి వేసినవాళ్లెవరూ శిలాఫలకం అడగలేదు, తమ రూపాయితో ఢిల్లీలో ఇంగ్లిష్ పాఠాలు నడుస్తాయని వాళ్లకు తెలియనూ తెలియదు. పేరేమో దేవుడిది. ఇటువంటి దాతను ఏ స్నాతకోత్సవానికి పిలుస్తారు?

పెద్ద చెక్కు ఇచ్చినవారికి గౌరవ డాక్టరేట్ వద్దనడం లేదు. ప్రశంసాపత్రంలో ఒక పేరా అదనంగా ఉండాలంటున్నాను: ఈయన లేదా ఈమె పూరించిన లోటేమిటి, అది ఎవరి బాధ్యత, వచ్చే ఏడాదికి దాన్ని సంస్థ తానే ఎత్తుకుంటుందా? హాస్టల్ నడిపిన విద్యార్థినికి పతకం ఇచ్చి, హాస్టల్ కట్టకుండా ఊరుకుంటే ఆ పతకం ఎవరికోసం?

అడ్మిషన్ల రోజుల్లో ఇందిరాపురంలోని తెలుగు ఇళ్లకు ఊళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. ‘మా అమ్మాయికి వెంకటేశ్వరలో సీటొచ్చింది బాబాయ్, హాస్టల్ దొరకలేదు, సత్యనికేతన్‌లో పీజీ ఏదైనా చూస్తావా?’