గృహోపకరణములు: మ్రోగని సబ్‌వూఫరు

కాకినాడనుండి యొక సోదరీమణి వ్రాసిన జాబు మాకు చేరినది. వారి యింటి హోమ్‌థియేటరునందలి సబ్‌వూఫరు పది దినములనుండి హుమ్మని యేకధారగా మ్రోగుచు పాటను మ్రింగివేయుచున్నదట. చూడవచ్చిన పనివాడు పెట్టెకు మరయైన విప్పక, "ఇది పనికిరాదమ్మా, సెట్టంతా మార్చవలసిందే" అని చెప్పి పోయెనట. యజమానిగారు వాయిదాలమీద క్రొత్తది తెచ్చుటకు సిద్ధపడినారు. ఆ వాయిదాలకు పోవునది కుమార్తె కళాశాల జీతమునకై తాను కూడబెట్టుచున్న సొమ్మగుటచేత, "ఈ పెట్టె నిజముగా చచ్చినదా, లేక చంపబడుచున్నదా తెలుపుడు" అని యామె యడుగుచున్నది. ప్రశ్న బాగుగనే యున్నది. ఇట్టి చిక్కు మరికొందరికిని కలిగియుండునని తలచి, సమాధానము నీ పుటలయందే వ్రాయుచున్నాము.

సబ్‌వూఫరనగా నేమో ముందు తెలిసికొందము. మానవకర్ణమునకు సెకనునకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములు వినవచ్చును. అందు సుమారు 120 కంపనములకు లోబడిన మంద్రధ్వనులను పలికించుటకే యీ పెట్టె పుట్టినది. మృదంగమునకు ఎడమవైపున తడిరవ్వముద్ద నంటించి బరువెక్కించినగాని గంభీరనాదము పుట్టదు గదా. ఇచ్చటను వెడల్పైన బరువైన గరాటు ముందువెనుకలకు కదలి గాలిని త్రోయును. గరాటు నడుమ తీగచుట్టయు, దాని చుట్టును అయస్కాంతమును, గరాటు వెలుపలి యంచున మెత్తని వలయమును ఉండును. దీనికి శక్తినిచ్చు ఆంప్లిఫయరు పలక తఱచుగా అదే పెట్టె వెనుక బిగింపబడి యుండును. కాబట్టి పలకయైనను, గరాటైనను, బయటి తీగలైనను చెడవలెను. ఏది చెడినదో తెలియకమున్నే అన్నిటిని పారవేయుమనుట, కాలిలో ముల్లు విరిగినవానికి కాలు తీయింపుమనుట వంటిది.

మా బాల్యమున తండ్రిగారు మాకు తర్కము చెప్పుచు, పొగయున్నచోట నిప్పు గలదు, నిప్పు లేనిచోట పొగ లేదు అని అన్వయవ్యతిరేకములను బోధించిరి. అవి యొకనాడు పాటలపెట్టెకు పనికివచ్చునని వారును తలచి యుండరు. కాని మరమ్మతు విద్యయంతయు ఇదియే. ఒకదానిని తీసి చూడుడు. దోషము పోయెనా, నిలిచెనా యని వినుడు.

హుమ్మను మ్రోతనే తీసికొందము. టీవీనుండి గాని రిసీవరునుండి గాని సబ్‌వూఫరునకు వచ్చు ధ్వనితీగను లాగివేసి, కరెంటు మాత్రముంచి వినుడు. మ్రోత నిలిచినచో పెట్టె నిర్దోషి. వేరొక తీగ పెట్టి చూడుడు. అప్పటికిని మరల మ్రోగినచో, కేబుల్ టీవీ వారి గుండ్రని తీగను సెట్‌టాప్ బాక్సునుండి ఊడదీసి చూడుడు. పెక్కిండ్లలో మ్రోత అచ్చటనే యాగును. ఆ తీగ యొకచోటను, మన ప్లగ్గు మరియొకచోటను భూమిని తాకుటచేత, రెంటి నడుమ అల్పవిద్యుత్తు తిరుగాడి, మన కరెంటు నందలి 50 కంపనముల లయనే పెట్టెలో పలికించును. టీవీని సబ్‌వూఫరును ఒకే ప్లగ్గుబోర్డునుండి నడపుట, కేబుల్ తీగకు ఐసోలేటరను చిన్న బిళ్ళను తగిలించుట దీనికి చికిత్స. కొందరు ప్లగ్గునందలి ఎర్తుపిన్నును విరిచివేసి మ్రోత మాన్పుదురు. ఇది రోగమునకు బదులు రోగిని తీసివేయు వైద్యము. ఆ పిన్ను ప్రాణరక్షణకై పెట్టబడినది. దాని జోలికి పోరాదు.

తీగ తీసినను మ్రోత నిలువనిచో, పలకలోని కెపాసిటర్లు ఎండినవని ప్రాయికముగా ఊహింపవచ్చును. ఇవి చిన్న డబ్బీలవలె నుండి కరెంటునందలి యెగుడుదిగుళ్ళను చదును చేయును. ఏండ్లకొలది వేడికి లోపలి ద్రవము ఎండిపోవును. కొన్నిటి మూత యుబ్బును. అప్పుడా యెగుడుదిగుళ్ళే మ్రోతయై వినవచ్చును. ఈ డబ్బీలు స్వల్పమైన వెలకే దొరకును. టంకము వేయనేర్చిన పనివానికి ఇది పెద్దపని కాదు. సెట్టంతయు మార్చుమన్న పనివాడు పెట్టెను విప్పనేలేదు గనుక, ఈ డబ్బీల ముఖము చూచియే యుండడు!

అయినను సోదరి తానే మరలు విప్పవలదు. 230 వోల్టుల కరెంటు లోపలికి పోయి మారునపుడు, కొన్ని పలకలందలి కెపాసిటర్లలో 325 వోల్టుల వరకు నిలువయుండును. ప్లగ్గు తీసిన పిదపను కొంతసేపు ఆ నిలువ పోదు. బయటనుండి చేయదగిన పరీక్షలే మనవి. లోపలి పని తెలిసినవారిది.

అసలే పలుకని పెట్టెకు పరీక్ష వేరు. దీపము వెలుగనిచో ఫ్యూజును చూడవలెను. చాలవానికి కరెంటుతీగ చొచ్చుచోటనే ఫ్యూజుగూడు గలదు. ప్లగ్గు తీసిన పిమ్మటనే మార్చవలెను. పాతదానిపై వ్రాసిన ఆంపియర్లనే తేవలెను. రాగితీగ ముక్క చుట్టరాదు. క్రొత్తదియు వెంటనే తెగినచో లోపల దోషమున్నదని ఊరకుండవలెను. దీపము వెలుగుచు ధ్వని లేనిచో, తీగ తగిలింపదగిన సెల్‌ఫోనును నేరుగా సబ్‌వూఫరునకు తగిలించి పాట పెట్టుడు. పలికినచో దోషము ఆవలిదే. పిల్లలు రిమోటు నొక్కుచు సబ్‌వూఫరు లేనట్లు అమర్చియుండవచ్చును. రాత్రి ధ్వని తగ్గించినపుడు మాత్రమే మూగవోవు పెట్టెకు రోగమే లేదు. వెనుకనున్న మీటను 'ఆటో' నుండి 'ఆన్'నకు త్రిప్పిన చాలును.

బరబరమని చిరుగుధ్వని వచ్చినచో గరాటును అనుమానింపవలెను. నురుగుతో చేసిన అంచు సముద్రతీరపు తేమకు పది పదునైదేండ్లలో వ్రేలు తాకిననే పొడియగును. రబ్బరంచు అంతకంటె మన్నును. కరెంటాపి, రెండుచేతుల వ్రేళ్ళను గరాటుపై ఎదురెదురుగా నుంచి సమముగా మెల్లగా నొక్కుడు. మెత్తగా పోయివచ్చినచో క్షేమము. గరగర రాచుకొనినచో తీగచుట్టకు దెబ్బ తగిలినది. అంచు ఒక్కటే చిరిగినచో దానిని మాత్రమే వేయువారు కలరు. చుట్ట కాలినచో అదే కొలత, అవే ఓములు గల స్పీకరును పెట్టెలో అమర్పవచ్చును.

ఇన్ని చేసిన పిమ్మటను పెట్టె బాగుపడకున్నచో మార్చుట తప్పదు. ఇచ్చట నొక చిక్కు గలదు. మన బజారులలోని 5.1 సెట్లలో పెక్కింటికి చిన్న స్పీకర్లు అయిదింటి ఆంప్లిఫయర్లును సబ్‌వూఫరు పెట్టెలోనే యుండును. అది పోయిన అయిదును మూగవే. సౌండ్‌బారుతో వచ్చిన తీగలేని సబ్‌వూఫరు తన బారుతోనే మాటలాడును. వేరు కంపెనీ పెట్టెను దానికి జతచేయ వీలుకాదు. రిసీవరు వేరుగానుండి, దాని వెనుక సబ్‌వూఫరునకు ప్రత్యేకపు రంధ్రమున్నచో, స్వంత ఆంప్లిఫయరుగల యే పెట్టెనైనను కొనవచ్చును. కొనబోవుటకు ముందు మన సెట్టు ఈ మూటిలో నెట్టిదో చూడవలెను. అంగడివారు తమంతట చెప్పరు.

క్రొత్తదనగానే పురుషులకు కలుగు ఉత్సాహము వర్ణింపనలవికాదు. మా యింటివారు ఉపాధ్యాయులు; పాఠశాలలో విరిగిన బల్లకు మేకు కొట్టించి పదేండ్లు నడపుదురు. అట్టివారే ధ్వనియంత్రముల యంగడిలో అడుగిడిన రాజాధిరాజులగుదురు. కావున లెక్క మనమే చూడవలెను. మరమ్మతునకు అడిగినది క్రొత్తదాని వెలలో సగము మించినచో, పెట్టెయు పాతదైనచో, మార్చుటయే మేలని మా యభిప్రాయము. అంతకు లోబడినచో మరమ్మతే చేయింపవలెను.

పనివాడు మరల వచ్చునపుడు సోదరి తానే యెదుట నిలువవలెను. "ధ్వనితీగ తీసినను మ్రోత నిలువలేదు, కెపాసిటర్లు చూచితివా నాయనా?" అని యడిగినచో అతని మాటతీరే మారును. వాడు కాదన్నచో మరియొకనిని పిలువవలెను. వారంటీయో, విడిభాగములో కావలసినచో, కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టలునందు మీ కంపెనీ చేరియున్నదేమో చూచుకొనవచ్చును. తుదకు పారవేయవలసియే వచ్చినచో పాతసామానుల బండికి వేయవలదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనలనుబట్టి, ఇట్టివానిని నమోదైన రీసైక్లర్లకు చేర్చు బాధ్యత తయారీదారులపై నున్నది.

కాకినాడ సోదరి మొదట ధ్వనితీగను, పిదప కేబుల్ తీగను తీసి చూడవలెను. కెపాసిటర్లు మార్పించినచో పాతవానిని తిరిగి యడిగి పుచ్చుకొనవలెను. మూతలు ఉబ్బియున్నచో కన్నులకే తెలియును. మ్రోత ఎచ్చట నిలిచెనో మాకొక జాబు వ్రాయ గోరుచున్నాము.