పాత సామానులో దొరికిన ప్రతిధ్వని



మా సోమల మందిరములోని పాత ఆంప్లిఫయరు మూగబోయి చాలా కాలమైనది. పాటకు ప్రతిధ్వని చేర్చే "ఎకో" మీట కూడ దానికుండెను. గత వేసవిలో మందిరమునకు సున్నము వేయించునప్పుడు, దానిని పాత సామానుల బండికి తూకమునకు వేయుడని మేమే చెప్పితిమి.

మా సంఘములో గిటారు వాయించు ఒక యౌవనస్థుడున్నాడు. పదవ తరగతి తప్పి, టమాట తోటలలో కూలికి పోవుచున్నాడు. పాటల అభ్యాసమునకు ఆలస్యముగా వచ్చుచున్నాడని అంతకు రెండు నెలల ముందే అతనిని మానిపించితిమి. అతడు బండి దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఏమి చెడిందో చూడకుండానే పారేస్తారా? నాకివ్వండి" అనెను. బండివాడు ఇవ్వబోయిన సొమ్మును తన కూలి డబ్బులోనుండి సంఘమునకు చెల్లించి, దానిని తీసికొనిపోయెను.

పది దినముల తరువాత వచ్చి, "కరెంటు ఇచ్చే భాగము కాలిపోయింది. ఎకో బోర్డు మాత్రం చెక్కు చెదరలేదు" అని చూపించెను. అందులోని ఐసీ పని చేయు విధమును అతడే మాకు వివరించెను. గడ్డివామి అంటుకొన్నప్పుడు ఊరివారు బావి మొదలుకొని వరుసగా నిలిచి కుండలు అందించుకొందురు గదా! అట్లే 4096 చిన్న అరలు ధ్వనిని విద్యుత్తు రూపములో ఒకదాని తరువాత ఒకటి అందించుకొనును. అందించుమని తాళము వేయు క్లాకు సెకనుకు 10,000 సార్లు కొట్టినయెడల, ధ్వని ఈ కొన నుండి ఆ కొనకు చేరుటకు సెకనులో ఐదవ వంతు పట్టును. అసలు స్వరము వెంట ఆలస్యముగా వచ్చిన స్వరమును కలిపినదే ప్రతిధ్వని. ఫిలిప్స్ సంస్థ పరిశోధకులైన సాంగ్‌స్టర్, టీర్ అనువారు 1969లో దీనిని కనిపెట్టిరి. బకెట్లు అందించుకొను వరుసను బట్టియే దీనికి బకెట్ బ్రిగేడ్ అని పేరు వచ్చినది. తరువాత డిజిటల్ పరికరములు వచ్చినందున ఇట్టి బోర్డులు అనేకము మూలపడినవి.

ఆ ఐసీకి ఎంత వోల్టేజి కావలెనో, ధన ఋణములు ఎటువైపో చూచుకొనిన తరువాతనే అతడు 9 వోల్టుల బ్యాటరీ కలిపెను. రేకు పెట్టెలో బోర్డును బిగించి, కాలితో నొక్కు స్విచ్చి పెట్టెను. ప్రతిధ్వని మరల మరల తిరుగుటకు ఒక మీట, ఎంత కలపవలెనో చెప్పు మీట ఇంకొకటి అమర్చెను. మొదటి మీటను మితిమీరి త్రిప్పిన యెడల పెట్టె ఊళ వేయును! యౌవనస్థులారా, ఒక్క హెచ్చరిక: ప్లగ్గు తీసినను ఆంప్లిఫయరులోని పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచియుండును. తెలిసినవాడు తోడు లేకుండ విప్పకుడి.

ఆ సాయంకాలము అతడు గిటారు మీటగా మందిరమంతయు ఆ స్వరముతో నిండెను. మేము మాత్రము తలవంచుకొంటిమి. "నాయనా, అభ్యాసమునకు ఎందుకు ఆలస్యమయ్యేది?" అని అప్పుడు మొదటిసారి అడిగితిమి. "మదనపల్లె మార్కెట్టుకు పోయే లోడు ఎత్తాక గానీ కూలి ఇవ్వరు అయ్యగారూ" అనెను. ఆంప్లిఫయరును విప్పి చూచుటకు అతడు పది దినములు వెచ్చించెను. అతనిని ఒక్క మాట అడుగుటకు మాకు రెండు నెలలలో ఒక్క నిమిషము దొరకలేదు.

ఒనేసిము అను పేరునకు ప్రయోజనకరుడని అర్థము. మునుపు యజమానునికి నిష్ప్రయోజకుడైయుండిన ఆ దాసునే పౌలు తిరిగి పంపెను, వేరొకనిని పంపలేదు. అతడు బాకీపడినది తన లెక్కలో వేయుమని కూడ ఫిలేమోనుకు వ్రాసెను. మేమును ఆ తూకపు సొమ్మును మా లెక్కలో వేసికొని ఆ బిడ్డకు తిరిగి ఇచ్చితిమి. అభ్యాసమును ఒక గంట వెనుకకు జరిపితిమి. ఇప్పుడతడు అందరికంటె ముందే వచ్చుచున్నాడు.

తల్లిదండ్రులారా, పరీక్ష తప్పినాడనియో, మాట వినడనియో మీరు మూలకు నెట్టిన బిడ్డ ఉన్నాడా? తూకమునకు వేయకముందు విప్పి చూడుడి. కాలినది ఒక్క భాగమే కావచ్చును. ప్రభువు మనలను అట్లే చూచెను గదా!

ఆయన కృప మీ గృహములకు తోడైయుండును గాక.