చలువ పేరుతో

రాత్రి పాళీ దిగి తాగడం నాకు పాత అలవాటు. మానేశాక కూడా మన నాందేడ్ ఎండ 42 డిగ్రీలు దాటిందంటే దాహమేదో, తాగుడు యావేదో తెలియదు. నిరుడు బాసర దగ్గర పెళ్ళిలో బామ్మర్ది లోటా చేతికిచ్చాడు. "మందు కాదు బావా, కల్లు. చలువ చేస్తది."

ఏడు నెలల నిగ్రహం ఆ ఒక్క లోటాతో పోయింది. చెట్టు దిగిన కల్లు గంటల్లోనే పులుస్తుంది. మధ్యాహ్నానికి అదీ మందే. చలువెక్కడిది, ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది!

ఈసారి అక్కడే ఇంకో పెళ్ళి. మా ఆవిడ ఉప్పేసిన మజ్జిగ సీసా సంచిలో పెట్టింది. ఖాళీ కడుపుతో పందిట్లో కూర్చోలేదు. తలంబ్రాలు కాగానే రైలెక్కాం. ధర్మాబాద్ దాటాక బామ్మర్ది ఫోన్ చేశాడు.

"కోపమొచ్చిందా బావా?"

"కోపం కాదురా, భయం" అన్నాను.